డోన్యా ఎడెల్మిరాకి గీత పడదు

కొందరికి పీతలు పడవు, తింటే దద్దుర్లొస్తాయి. కొందరికి పిల్లులు పడవు, దగ్గరికొస్తే తుమ్ములు. డోన్యా ఎడెల్మిరాకి గీత పడేది కాదు. రెండు రంగులు కలిసేచోట గీత కనపడిందంటే చాలు, కనుబొమలు ముడిపడేవి, ఊపిరి బరువెక్కేది, కుడిచెయ్యి దానంతటది లేచి గాల్లో బ్రష్ ఆడించడం మొదలుపెట్టేది. ఆ గీత ఒక ఆడమనిషి నెత్తిమీద ఉందా, ఇంక చెప్పక్కర్లేదు. కుదుళ్ళ దగ్గర నలుపు, దాని కింద ఠక్కున పసుపు. అలాంటి తల వీధిలో ఎదురైతే చేతిలో సంచీ కింద పడేసి వెంటపడేది.

"ఎవరమ్మా నీ నెత్తిన స్కేలు పెట్టి గీసింది?"

"మీకెందుకండీ?"

"నాకెందుకా! నేనూ ఈ వీధిలోనే నడవాలి కదమ్మా!"

చిలోయే దీవిలో, అంకూద్ రేవుకి దిగే వీధిలో ఉండేది ఆవిడ పార్లర్. చెక్క ఇల్లు, రేకుల కప్పు, ఆ రేకుల మీద ఏడాదిలో ఎక్కువ భాగం వాన. లోపల కట్టెల పొయ్యి, రెండు కుర్చీలు. ఒకటి ఎడెల్మిరాది, రంగులకి. రెండోది నోల్ఫాది, కత్తిరింపులకి. నోల్ఫాకి నలభై దాటాయి. పెళ్ళి లేదు, పెద్దగా మాట లేదు, నవ్వితే ఏదో తప్పు చేసినట్టు నోటికి చెయ్యడ్డం పెట్టుకునేది. ఎడెల్మిరా పక్కన పనిచెయ్యడానికి అలాంటి మనిషే కావాలి. నోల్ఫాకంటే ముందు పనిచేసిన అమ్మాయి ఒకరోజు చేతిలో దువ్వెనతోనే పారిపోయింది, మళ్ళీ ఆ దువ్వెన కూడా రాలేదు.

జుట్టుకి రంగెయ్యడం చాలామందికి వచ్చు. ఆ రంగు ఎక్కడ మొదలైందో ఎవరికీ అంతుబట్టకుండా వెయ్యడం మాత్రం ఆ దీవిలో ఎడెల్మిరా ఒక్కదానికే వచ్చు. పాయ తీసి, కుదురు వైపుకి దువ్వి చిక్కుచేసి, మిగిలిన పోగులకి మాత్రమే బ్లీచ్ తగిలించేది. కొసల దగ్గర ఎక్కువ, పైకి వచ్చేకొద్దీ తక్కువ, కుదుళ్ళ దగ్గరికొచ్చేసరికి బ్రష్ తగిలిందా లేదా అన్నట్టు. ముందు కొసలకే వేసేది. "నెత్తికి దగ్గరున్నది వేడిమీదుంటుంది, ఇట్టే పట్టేస్తుంది. కొసలు ముసలివి, వాటికి టైమివ్వాలి" అనేది. తరవాత గిన్నెల్లో, వెలిసిన జుట్టుకి ఛాయ దిద్దే టోనర్లు: ఒకటి కాఫీ డికాక్షన్ రంగు, ఒకటి తేనె రంగు, ఆ రెంటికీ మధ్య ఎన్నో. పొద్దున కూచున్న మనిషి లేచేసరికి పొయ్యిలో కట్టెలు ఎన్నిసార్లు మార్చాల్సి వచ్చేదో. మధ్యలో ఆకలేస్తే బంగాళదుంప రొట్టె, దాహమేస్తే మాతే కషాయం ఇచ్చేది. లేస్తానంటే మాత్రం ఊరుకునేది కాదు.

"ఇంక చాలు డోన్యా, బాగానే ఉంది, మా పిల్లాడు స్కూలునుంచి వచ్చేస్తాడు."

"వస్తే రానీ. వాడికి తల్లి కావాలా, జీబ్రా కావాలా?"

ఆవిడ మొగుడు ఎలీసెయో చేపల పడవ నడిపేవాడు. నెమ్మదైన మనిషి. ఆయన పడవ కింద ఎరుపు, పైన పసుపు, మధ్యలో తెల్ల గీత. ఒకసారి అడుగున అంటుకున్న గవ్వలు గీకడానికి పడవని ఒడ్డుకి లాగాడు. భోజనానికని ఇంటికెళ్ళొచ్చేసరికి గీత లేదు. ఎరుపు మెల్లగా నారింజలోకి జారి, నారింజ అలా అలా పసుపులోకి కరిగిపోయింది. రేవంతా వచ్చి చూసింది. రేవు అధికారి కూడా వచ్చాడు.

"బాగుంది ఎలీసెయో. మరి బరువెంతెక్కిందో చూసుకునే గీతేదయ్యా?"

"మా ఆవిడండీ..."

"మీ ఆవిడకేం?"

"గీత పడదండీ."

మళ్ళీ గీత వేశాకే పడవ నీళ్ళలోకి దిగింది. ఆ తరవాత ఎడెల్మిరా రేవు వైపు వెళ్ళాల్సి వస్తే మొహం కొండవైపు తిప్పుకుని నడిచేది, ఎన్నిసార్లు తాళ్ళు తట్టుకుని పడిందో.

ఎలీసెయోకి మీసం నలుపు, గడ్డం తెలుపు. ఒక ఆదివారం మధ్యాహ్నం పొయ్యి పక్కన కునుకు తీసి లేచి, అద్దం చూసుకోకుండా జాలర్ల సంఘం మీటింగుకి వెళ్ళాడు. గుమ్మంలోనే అధ్యక్షుడు ఆపేశాడు. "తమరెవరండీ? ఇది సభ్యుల మీటింగు." గడ్డం నలుపులోంచి బూడిదలోకి, బూడిదలోంచి వెండిలోకి అంత అందంగా దిగింది మరి. ఎలీసెయో గొంతు విన్నాకే లోపలికి రానిచ్చారు. రానిచ్చాక ఆరోజు చేపల రేటు గురించి ఎవరూ మాట్లాడలేదు.

ఇక రొసాల్బా ముసలావిడ పోయిన రోజు. నెలల తరబడి మంచంలో ఉండి పోయింది పాపం. వాన, కొవ్వొత్తులు, ఏడుపులు. ఎడెల్మిరా ప్రార్థన చెయ్యడానికి పెట్టె మీదికి వంగింది, వంగినంత వేగంగానూ లేచింది.

"ఈవిణ్ణి ఇలాగే పంపిస్తారా?"

అందరికీ అర్థమైంది. ఫాదర్ గొంతు సవరించుకున్నాడు. "డోన్యా ఎడెల్మిరా, దేవుడు మనిషి హృదయం చూస్తాడు."

"హృదయం తరవాత చూస్తాడు ఫాదర్. ముందు కనపడేది తలే."

నోల్ఫాని పార్లర్‌కి పరిగెత్తించింది. అందర్నీ వంటింట్లోకి తోలేసింది. ఫాదర్ మధ్యలో తలుపు తట్టితే, "టోనర్ కడుగుతున్నాను, ఆగండి" అని కేక. తలుపు తీశాక రొసాల్బా కూతురొచ్చి తల్లిని చూసింది. రెండ్రోజులుగా పచ్చి మంచినీళ్ళు ముట్టని మనిషి. "అమ్మ పెళ్ళికెళ్తున్నట్టుందే" అంది. అని నవ్వింది, నవ్వుతూ నవ్వుతూ ఏడ్చింది, ఏడ్చాక రొట్టె తింది. నోల్ఫా మాత్రం తడిసిన తువ్వాళ్ళు పిండుకుంటూ, ఈవిడకి పిచ్చి ముదిరిందనే అనుకుంది. నలుగురూ అనుకున్నదీ అదే.

తరవాత సాల్మన్ చేపలకి జబ్బొచ్చింది. సముద్రంలో బోనులు కట్టి పెంచే చేపలు చచ్చి తేలాయి, ఫ్యాక్టరీలు ఒకదాని తరవాత ఒకటి మూతపడ్డాయి. చేపలు కోసే పనిలో ఉన్న ఆడవాళ్ళంతా ఇంట్లో కూచున్నారు. మొగుళ్ళు శాంటియాగో వైపో గనుల వైపో వెళ్ళిపోయారు, కొందరు వెళ్ళినచోటే ఉండిపోయారు. అంకూద్‌లో ఆ చలికాలం వాన ఎప్పుడూ పడేంతే పడింది, ఊరికి మాత్రం ఇంకాస్త ఎక్కువ పడ్డట్టనిపించింది. దుకాణాల్లో దీపాలు తగ్గాయి. పార్లర్లో కుర్చీలు ఖాళీ. ఆడవాళ్ళు రంగు మానేశారు. కొన్నాళ్ళకి రొట్టెల దుకాణం దగ్గర నిలబడి చూస్తే, ఫ్యాక్టరీ మూతపడ్డ నెల ఊళ్ళో ప్రతి ఆడదాని నెత్తిమీదా రాసిపెట్టినట్టు కనపడేది. ఎడెల్మిరా ఆ వరసని చూసి అన్నం మానేసింది.

నిజంగానే ఆ గీతల్ని చదివే మనిషి ఒకావిడ ఎదురుగా ఉండేది. ఉన్ని దుకాణం క్లొరిండా. కిటికీ దగ్గర అల్లుకుంటూ కూచుని, దారిన పోయే తలల్ని చూసి జాతకాలు చెప్పేది. ఎడెల్మిరా గీత చూస్తే చెరిపేది. క్లొరిండా గీత చూస్తే చదివేది.

"చూడు, టీచరమ్మకి నాలుగు వేళ్ళ మందాన కుదురొచ్చింది. అంటే వాళ్ళాయన వదిలేసి వెళ్ళింది ఈస్టర్ పండక్కన్నమాట. నేనప్పుడే అనుకున్నాను."

పాపం టీచరమ్మ, నిజంగా ఈస్టర్ పండక్కే.

నోల్ఫాకి నిద్రపట్టకుండా చేసింది ఈ క్లొరిండానే. ఎందుకంటే నోల్ఫాకి ఒక చెల్లెలుంది, మరిబెల్. తల్లి పోయాక నోల్ఫానే పెంచింది. నవ్వుతూ తుళ్ళుతూ, మొహం ఇంత, జుట్టు అంత, నడుందాకా పసుపుపచ్చగా మెరిపించుకుని తిరిగేది. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఎవడో స్నేహితుడు బస్సులో ఒక సంచీ తీసుకెళ్ళి ఇచ్చి రమ్మన్నాడు. సంచీలో ఏముందో ఈ పిల్ల అడగలేదు. పోలీసులడిగారు. జలసంధికి అవతల, పెద్ద ఊళ్ళో, ఆడవాళ్ళ జైల్లో పెట్టారు. నోల్ఫా ఇక్కడ "ఉత్తరాన రాగి గనుల దగ్గర వంటపనికి వెళ్ళింది" అని చెప్పింది. ఒకసారి చెప్పాక ఇంక రోజూ చెప్పాల్సొచ్చింది.

"గనుల దగ్గర బాగుందటా అమ్మాయ్?" అనేది క్లొరిండా.

"బాగుందట పిన్నీ."

"ఫోటో ఒక్కటి పంపదేం?"

"తీరికుండదట పిన్నీ."

"మరిబెల్‌కి ఫోటో తీయించుకునే తీరిక లేదా! అద్దం కనపడితే బస్సు పోగొట్టుకునే పిల్ల!"

నోల్ఫా పనుందని పార్లర్లోకి దూరేది. ఆదివారాలు పెద్దమ్మని చూసొస్తానని చెప్పి బస్సెక్కేది. బస్సు ఫెర్రీ మీదికెక్కి జలసంధి దాటేది. జైల్లో చెల్లెల్ని చూసి, ఆ చెల్లెలి జుట్టు చూసి తిరిగొచ్చేది. లోపల రంగెవరేస్తారు? నల్లటి కుదురు చెవులు దాటింది, గడ్డం దాటింది. పసుపు కిందికి జరుగుతూ పోయింది. మరిబెల్ బయటికొచ్చి బస్సు దిగితే, క్లొరిండా అల్లిక కింద పెట్టకుండానే చెప్పేస్తుంది, ఏ నెలలో వెళ్ళిందో, ఎన్నాళ్ళు ఉందో, అద్దం లేనిచోట ఉందని కూడా.

ఈ దిగులు ఒకవైపు, ఎడెల్మిరాతో తంటా మరోవైపు. పార్లర్‌కి సోమవారం సెలవు. ఎడెల్మిరా ప్రతి సోమవారం రంగులు కొనుక్కొస్తానని అవతలి ఒడ్డుకి వెళ్ళేది. వెళ్ళేటప్పుడు సంచీ నిండుగా, వచ్చేటప్పుడు ఖాళీగా. కొనుక్కొచ్చే మనిషి సంచీ అటుదిటు ఉండాలి కదా? అలమరలో బ్లీచ్ డబ్బాలు తరిగిపోయేవి. వచ్చే పోయే మనుషులు చూస్తే వేళ్ళమీద లెక్కపెట్టేంతమంది.

"ఈ టోనర్లన్నీ ఏమవుతున్నాయి డోన్యా?"

"తడికి పాడవుతున్నాయమ్మాయ్."

"గట్టిగా మూతపెట్టిన సీసాలోకి తడెలా వెళ్ళింది?"

"ఈ దీవిలో తడి ఎందులోకి వెళ్ళదు చెప్పు?"

పెద్ద ఊళ్ళో ఇంకెవరి పార్లర్లోనో పనిచేస్తోంది, రేపో మాపో దీన్ని మూసేసి వెళ్ళిపోతుంది అనుకుంది నోల్ఫా. అనుకుని లోపల్లోపల ఉడికింది. మరిబెల్ బయటికి రావడానికి కొద్దిరోజులున్నాయనగా ఆ ఉడుకు పైకొచ్చింది. ఎడెల్మిరా ఒక జాలరి భార్యని పొద్దుటినుంచి కూచోబెట్టింది. ఆ మనిషి కుర్చీలోనే నిద్రపోయింది. నోల్ఫా మూడోసారి నీళ్ళు కాచి తెచ్చింది.

"ఎక్కడుందండీ గీత? నాకైతే కనపడటం లేదు!"

"చెవి వెనక. నీడలా ఉంది చూడు."

"చెవి వెనక ఎవరు చూస్తారు?"

"చూసేవాళ్ళు చూస్తారు."

నోల్ఫా బిందె ఠపీమని పెట్టింది. నీళ్ళు చిందాయి, జాలరి భార్య ఉలిక్కిపడి లేచింది.

"లోకంలో గీతలుంటాయండీ! మీరెంత పూసినా పోని గీతలుంటాయి. అదృష్టవంతులు కాబట్టి మీకు నెత్తిమీదవే కనపడతాయి. మాలాంటివాళ్ళం..." కడుపులో ఉన్నది నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

ఎడెల్మిరా చేతిలో బ్రష్ గాల్లో నిలిచిపోయింది. ఒంటికాలిమీద లేస్తుందనుకుంది నోల్ఫా. ఆవిడ లేవలేదు. బ్రష్ గిన్నెలో పెట్టి చెయ్యి చాపింది.

"నీళ్ళు చల్లారిపోతాయి, ఇలా ఇయ్యి" అంది.

విడుదల మంగళవారం. నోల్ఫా శనివారమే సెలవడిగింది. "పన్ను నొప్పండీ. అవతలి ఒడ్డుకెళ్ళి చూపించుకోవాలి."

"ఏ పన్ను?"

నోల్ఫా ఎడమ బుగ్గ పట్టుకుంది.

"ఇందాక కుడి బుగ్గ పట్టుకున్నావు."

"తిరుగుతోందండీ."

"తిరిగే పన్ను మంచిది కాదు. వెళ్ళిరా" అంది ఎడెల్మిరా, ఏమాత్రం నవ్వకుండా.

మంగళవారం తెల్లారి బస్సులో నోల్ఫా ఒళ్ళో ఉన్ని టోపీ పెట్టుకుని కూచుంది. తనే అల్లింది, జుట్టంతా లోపలికి తోసేస్తే చెవుల దాకా వచ్చేట్టు. ఫెర్రీ మీద మంచు. అవతలి ఒడ్డు కనపడలేదు, ఇవతలిది కూడా పోయింది. జైలు గోడ పక్కన వాన్లో నిలబడి, ఉత్తరాది గురించి చెప్పాల్సిన అబద్ధాలు వల్లెవేసుకుంది. చెల్లెలికి కూడా నేర్పాలి. గని పేరు, మేస్త్రీ పేరు, ఏం వండేదో. ఇంక బతికినన్నాళ్ళూ ఈ పాఠం తప్పదనిపించింది.

ఇనప తలుపు తెరుచుకుంది. మరిబెల్ బయటికొచ్చింది. నోల్ఫా టోపీ పట్టుకుని రెండడుగులేసి ఆగిపోయింది.

కుదుళ్ళ దగ్గర జుట్టు నల్లగా ఉంది, పుట్టినప్పటి నలుపు. అది దిగుతూ దిగుతూ ఎప్పుడో గోధుమరంగు అయింది, ఆ గోధుమరంగు భుజాల దగ్గర వెచ్చబడింది, కొసల్లో తేనె. నోల్ఫా కళ్ళతో పైనించి కిందికి వెతికింది. కిందినించి పైకి వెతికింది. ఆగడానికి చోటు దొరకలేదు.

"అక్కా, ముందు మొహం చూడవే! జుట్టు తరవాత చూద్దువుగాని."

"ఎవరు చేశారే?"

"చెప్పొద్దంది."

"ఎవరు?"

"సోమవారాలొచ్చే ఆవిడ. నిన్న పొద్దుటినుంచి సాయంత్రందాకా కూచోబెట్టి నా నడుం విరిచింది." మరిబెల్ అక్క చెయ్యి పట్టుకుంది. "వచ్చిన కొత్తలోనే నన్ను చూసిందక్కా. నాకు ప్రాణం పోయింది, ఊళ్ళో చెప్పేస్తుందని కాళ్ళు పట్టుకోబోయాను. ఏమందో తెలుసా? 'నిన్నెప్పుడూ చూళ్ళేదమ్మాయ్. మీ అక్క చెప్పినరోజు చూస్తాను' అంది. ఆ తరవాత ప్రతి సోమవారం నా పక్కనించే వెళ్ళేది, ఎవరో తెలీనట్టు. వెళ్తూ వెళ్తూ రొట్టె పడేసేది."

ఏడాది పైన. పక్క పక్క కుర్చీల్లో, ఒకే పొయ్యి దగ్గర. ఊళ్ళో ప్రతి తల గురించీ నోరు పారేసుకునే మనిషి ఆ ఒక్క తల గురించి నోరు మెదపలేదు. నోల్ఫా గోడకి చేరగిలబడింది.

మిగతాది మరిబెల్ బస్సులో చెప్పింది. చాలా ఏళ్ళకిందట ఎడెల్మిరా నిజంగానే రంగులు కొనడానికి వెళ్ళి జైలు ముందు బస్సుకోసం నిలబడిందట. విడుదలైన మనిషొకతె బయటికొచ్చింది, నెత్తిమీద ఇంత గీతతో. బస్టాపులో ఉన్నవాళ్ళంతా ఆ తల చూసి, జైలు గేటు చూసి, పక్కకి జరిగారు. ఎడెల్మిరా మాత్రం తిన్నగా వెళ్ళి గేటు బాదింది. "ఇలాగేనా మనుషుల్ని పంపించేది?" అని అరిచింది. పిచ్చిదనుకుని కాపలావాళ్ళు నెట్టబోయారు. గొడవకి అధికారిణి బయటికొచ్చింది. ఎడెల్మిరా ఆవిడ్ని కిందనించి పైకి చూసి, "ఓహో, ఇక్కడినించే మొదలన్నమాట" అందట. మొట్టమొదట ఆ జైల్లో గీత పోయింది అధికారిణిగారి నెత్తిమీంచే. ఆ తరవాత సోమవారాలు గేటు దానంతటదే తెరుచుకునేది. ఆ వారం బయటికి వెళ్ళబోయేవాళ్ళని వరసగా కూచోబెట్టేవాళ్ళు. "శిక్ష ఎన్నాళ్ళో జడ్జి చెప్పాడు, అది చాలు. వీధిలో వాళ్ళంతా మళ్ళీ లెక్కపెట్టాలా?" అనేదట, బ్లీచ్ కలుపుతూ.

నోల్ఫా నోటికి చెయ్యడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో ఆవిడకే తెలీలేదు.

అంకూద్‌లో బస్సు దిగేసరికి వాన కాస్త తెరిపిచ్చింది. రేవు వీధిలోకి తిరిగారో లేదో క్లొరిండా గొడుగుతో సహా ఎదురొచ్చింది.

"మరిబెలేనా! ఏదీ, ఇటు తిరుగు." జుట్టు చేతిలోకి తీసుకుంది. కుదురు చూసింది, పాయ విడదీసింది, వేళ్ళతో కొసదాకా జారింది. మళ్ళీ కుదురుకొచ్చింది. మొహం వాడిపోయింది. "ఎక్కడా ఆగలేదేమిటే ఇది!"

"ఉత్తరాన ఎండలు పిన్నీ. కొసలు వెలిసిపోయాయి."

"అలాగా." క్లొరిండా కళ్ళు జుట్టు వదిలి మొహమ్మీదికొచ్చాయి. "అంత ఎండల్లో ఉన్నదానివి, మొహం ఇలా పాలిపోయిందేం?"

నోల్ఫా గని పేరు మర్చిపోయింది, మేస్త్రీ పేరు మర్చిపోయింది. మరిబెల్ అక్కవైపు చూసింది.

అప్పుడు పార్లర్ తలుపు ధడాలున తెరుచుకుంది.

"క్లొరిండా! కదలకు! నీ మెడ వెనక అదేమిటి?"

"ఏమిటి?" క్లొరిండా చెయ్యి మెడ మీదికి పోయింది.

"గీత! ఇంత మందాన! అయ్యో అయ్యో, వీధిలో ఇలా తిరుగుతున్నావా? ఎన్నాళ్ళనించి? లోపలికి రా, సాయంత్రానికల్లా వదిలేస్తాను!"

"నాకు పొయ్యిమీద కూరుంది వదినా!"

"కూర మాడితే మాడనీ!"

క్లొరిండా గొడుగు ముయ్యకుండానే తన దుకాణంలోకి దూరబోయింది. గొడుగు గుమ్మానికి అడ్డంపడింది. దాన్ని వదిలేసి లోపలికెళ్ళి గడియ పెట్టుకుంది. ఎడెల్మిరా గొడుగు తీసి మడిచి, ఆ గుమ్మానికే చేరవేసి వచ్చింది.

"నిజంగా గీతుందా డోన్యా?" అంది మరిబెల్.

"ఎక్కడిది? పోయిన వారమే కదా వేశాను. నా చేతిలో పడ్డ తలకి గీతా?"

నోల్ఫా ఆవిడ మొహంలోకి చూసింది. ఇన్నేళ్ళు ఈ మనిషి వీధిలో అరిచిన అరుపుల్లో ఏవి గీతకోసం అరిచినవో, ఏవి ఎవర్నో గట్టెక్కించడానికి అరిచినవో ఇంక లెక్కతేలదనిపించింది.

లోపలికొచ్చారు. పొయ్యి మీద మాతే నీళ్ళు మరుగుతున్నాయి. ఎడెల్మిరా అద్దం తుడుస్తూ, "పన్నెలా ఉంది?" అని అడిగింది.

"పన్ను లేదు, ఏమీ లేదు డోన్యా." నోల్ఫా గట్టిగా ఊపిరి పీల్చుకుంది. "మా చెల్లెలు గనులకి వెళ్ళలేదు. ఇన్నాళ్ళూ జైల్లో ఉంది."

ఎడెల్మిరా గుడ్డ కింద పడేసింది. రెండు చేతులూ గుండెలమీద పెట్టుకుంది. "అయ్యయ్యో! జైల్లోనా! ఎంతమాట! నేను కలలో కూడా అనుకోలేదు!"

అంత ఘోరమైన నటన ఆ దీవిలో ఎవరూ చేసి ఉండరు. మరిబెల్ కుర్చీలో పడి నవ్వింది. నోల్ఫా చెయ్యడ్డం పెట్టుకోవడం మర్చిపోయి నవ్వింది. ఎడెల్మిరా మాత్రం మొహం ముడుచుకుని, "ఇందులో నవ్వేదేముంది, కష్టం చెప్తే బాధపడకూడదా?" అంటూ మరిబెల్ జుట్టు వెలుగువైపు తిప్పింది. "ఉత్తరాది ఎండ బాగానే వేసింది. ఇక్కడ కొంచెం తొందరపడింది. జైలు గంట కొట్టేశారు మరి."

తరవాతి సోమవారం పొద్దున ఎడెల్మిరా నిండు సంచీతో బస్సెక్కేసరికి నోల్ఫా అప్పటికే కూచునుంది. కిటికీ అద్దం మీద వాన ధారలు. ఎడెల్మిరా పక్కన కూలబడి సంచీ ఒళ్ళో పెట్టుకుంది.

"ఎక్కడికి? మళ్ళీ పన్నా?"

"మీతోనే. మరిబెల్ కొసలు చూశాను, అన్నీ చిట్లిపోయున్నాయి. రంగు దించితే సరిపోతుందా? కత్తిరించేవాళ్ళుండొద్దూ?" నోల్ఫా కోటు జేబులోంచి తోలు సంచీ తీసింది. లోపల కత్తెరలు తళతళమన్నాయి.

ఎడెల్మిరా వాటిని చూసింది, నోల్ఫాని చూసింది, నెత్తి కొట్టుకుంది.

"ఓసి పిచ్చిమొద్దూ! జైల్లోకి కత్తెర పట్టుకెళ్తావా? గేట్లోనే లోపలేస్తారు నిన్ను!"

"మరెలా?"

"వాళ్ళే ఇస్తారు ఒకటి. చంటిపిల్లలు కాగితాలు కత్తిరించుకునేది. మొద్దుది. దాని పిడిమీద కప్ప బొమ్మ కూడా ఉంది. దాంతో చెయ్యగలవా?"

నోల్ఫా ఆలోచించింది. బస్సు ఫెర్రీ మీదికెక్కి ఒక్క కుదుపు కుదిపింది.

"కప్ప కళ్ళు తెరిచుందా, మూసుకునుందా?"

"తెరిచే ఉంది."

"అయితే చేస్తాను. పదును లేకపోయినా చూపైనా ఉంది" అంది నోల్ఫా, సంచీ సగం తన ఒళ్ళోకి లాక్కుంటూ.